చదువులో పోటీ - పంచాయతీ పని



పోటీ మంచిదా, చెడ్డదా యని వాదించుటకంటె అది మన పల్లెలలో ఏమి చేయుచున్నదో చూతము. నవోదయ విద్యాలయములు 1986లో ప్రారంభమైనవి. సాధారణముగ జిల్లాకొక విద్యాలయము. ఆరవ తరగతిలో 80 స్థానములు. అందు నూటికి 75 తక్కువ గాకుండ గ్రామీణ బాలబాలికలకే. ఆ ప్రవేశపరీక్షకై పిల్లలు లెక్కలు, భాష పట్టుదలతో అభ్యసింతురు. గెలిచిన కూలివాని బిడ్డకు వసతి, భోజనము, చదువు ఉచితముగ లభించును. ఇది పోటీ వలని మేలే.

అయితే జిల్లా అంతటికి 80 స్థానములే గదా! తక్కిన పిల్లల మాట యేమి? స్థానము రాని పదేండ్ల బిడ్డను ఇంటిల్లిపాది "మొద్దు" అన్నచో వాడు నిజమేనని నమ్మును. క్రమముగ బడికి పోక పశువుల వెంట పోవును. ఆడపిల్లయైనచో చదువు అంతటితో సరి. బడిలో మార్కులు పైకి చదివి నవ్వించుటయు కలదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్న విద్యాహక్కు చట్టము, 17వ సెక్షను, బిడ్డను కొట్టుటనే గాక మానసికముగ వేధించుటను గూడ నిషేధించినది. ఇది వేధింపు గాక మరేమి? పైరు ఎదగనిచో మనము చేనిని తిట్టము, ఎరువు వేయుదుము.

ఆగస్టు 15న మనమిచ్చు బహుమతులు మొదటి ర్యాంకులకే పోవుచున్నవి. నిరుటికంటె మెరుగుపడిన బిడ్డకు, బడి మానని బిడ్డకు గూడ చెరియొకటి ఉంచుదము. నవోదయ రాని పేదపిల్లలు సర్కారు బడిలో ఎనిమిదవ తరగతి చదువునపుడు జాతీయ ఉపకారవేతన పరీక్ష వ్రాయవచ్చును. ఎంపికైనచో తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు ఏటికి 12,000 రూపాయలు. దరఖాస్తునకు ఆదాయ ధ్రువపత్రము కావలెను. దానిని గడువునకు ముందే తెప్పించి యుంచుడు.