చిన్న గిటారు



నా గొంతులోని జీర మీ కీపాటికే తెలిసియుండును. మీ రేడియోలో లోపమేమియు లేదు, లోపము నాది. ముప్పదినాలుగేండ్లు జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలలోఁ దెలుఁగు చెప్పినవాఁడను. తరగతికి అఱువదిమంది పిల్లలు, కిటికీ ప్రక్కనే రహదారి, రహదారిమీఁద లారీలు. ఆ మ్రోఁతను మించి పోతన్నగారి పద్యమును మోహనములోనో కల్యాణిలోనో వెనుక బల్లవాని చెవిని వేయవలెనని నా పట్టుదల. దాని ఫలితము పదవీవిరమణ చేసిన కొన్నియేండ్లకుఁ గానవచ్చినది. వైద్యుఁడు గొట్టమొకటి లోనికిఁ బంపి చూచి, "మాస్టారూ, మీ స్వరతంత్రులు దళసరియైనవి" అని చెప్పెను.

తంత్రి లావైనచో శ్రుతి దిగుననుట వీణ చూచిన ప్రతివాఁడు నెఱుఁగును. యౌవనమున పద్యనాటకములలో హార్మోనియము ప్రక్కన నిలువఁబడి ఒకటిన్నర శ్రుతిలోఁ బాడినవాఁడను. ఇప్పుడా శ్రుతిలో పై షడ్జమము మాట యటుండఁగా పంచమమే యందదు. అందనిదానికై యఱచుట సిగ్గుచేటనిపించి పద్యము మానివేసితిని. దీపము పెట్టిన పిమ్మట ఒక పద్యము చదువుట మా యింట ముప్పదియేండ్ల యలవాటు. అది రెండేండ్లు లేదు. మా యింటామె యేమని యడుగలేదు. అడుగకపోవుటయే నాకుఁ గష్టముగా నుండెను.

మా యిల్లు దిల్‌సుఖ్‌నగరునకు ఎల్.బి.నగరునకు నడుమ, చైతన్యపురి వెనుక సందులో నున్నది. ఎల్.బి.నగరనఁగా లాల్‌బహదూర్‌నగరు; పూర్తిపేరు పలుకువారిని నేఁడు వెదకవలెను. విజయవాడ త్రోవ నగరమును విడిచిపోవునది యీ ప్రక్కనుండియే. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగరు దాఁక మెట్రోరైలు నడచుట మొదలైన తరువాత మాకు తలపైన నొక త్రోవ, క్రింద నొక త్రోవ. కొత్తపేట పండ్లమార్కెట్టు 2021లో బాటసింగారమునకుఁ దరలిపోఁగా మామిడికాలపు లారీల సందడి కొంత తగ్గినది. తగ్గనిది చదువుకొను పిల్లల సంఖ్య. ఉద్యోగపరీక్షలకు సిద్ధమగు యువకులు జిల్లాలనుండి వచ్చి, నలుగురేసి యొక గదిలోఁ దలదాఁచుకొని, పగలు శిక్షణకేంద్రములలోను రాత్రి మేడలమీఁదను పుస్తకములతోఁ గాలము గడుపుదురు.

అట్టివారిలో నొక నల్లగొండ కుఱ్ఱవాఁడు మా యెదుటి వసతిగృహపు మేడమీఁద రాత్రి పదిగంటలకు గిటారు మీటువాఁడు. నాలుగుదినములు సహించి అయిదవనాఁడు మందలింపవలెనని మెట్లెక్కి పోయితిని. వాఁడు నన్ను చూడఁగానే లేచి నిలువఁబడి, "సారూ, లొల్లి అయితుందా? బంద్ చేస్త" అనెను. వాని మాటను వాని మాటగానే చెప్పుచున్నాను. దానిలో నున్న మర్యాద నా గ్రంథభాషలోనికి రాదు. మందలింప వచ్చినవాఁడను మందలింపలేక, "ఆ లావుతీఁగె నొక్కసారి మీటుము" అంటిని. మీటెను. ఏదో యలవాటున కన్నులు మూసికొని ఒక పద్యము నెత్తుకొంటిని. మొదటి పాదము ముగిసినది. రెండవది ముగిసినది. గొంతు పగులలేదు! నాలుగుపాదములును ముగిసిన పిమ్మటఁ గన్నులు తెఱచి చూచితిని. ఆ పిల్లవాఁడు, "ఇంకొక్కసారి సదువుండ్రి సారూ" అనెను.

ఇందులోని రహస్యము చెప్పెదను. గిటారునకు ఆఱు తీఁగెలు. సన్ననిదానిని మొదటిదిగా, మిక్కిలి లావుదానిని ఆఱవదిగా లెక్కింతురు. వాడుకలో నున్న పద్ధతిని శ్రుతిచేసినచో అయిదవ తీఁగె సెకనునకు 110 కంపనములతోఁ బలుకును. మన హార్మోనియపు లెక్కలో అది ఆఱు శ్రుతి. దానిని షడ్జమముగా గ్రహించినచో దాని పైప్రక్క నున్న ఆఱవ తీఁగె మంద్రపంచమమగును. అనఁగా తయారుచేసినవా రెవరో నా గొంతును చూచి చేసినట్లుగా, ఏ బిరడను త్రిప్పకయే, రెండు తీఁగెలమీఁద తంబురా సిద్ధముగా నున్నది. నేనాఱు శ్రుతికి దిగితినని నాకే తెలియదు. రెండేండ్లు ఒకటిన్నర శ్రుతి వాకిట నిలువఁబడి తలుపు తట్టుచుంటిని.

మఱునాఁడే యొకటి కొనవలెనని నిశ్చయించుకొంటిని. నా జీవితములో నిఘంటువులు కొంటిని, పిల్లల ఫీజులు కట్టితిని, ఇంటి కప్పు వేయించితిని. అక్కఱలేని వస్తువును నా కొఱకై నేను కొన్న జ్ఞాపకము లేదు. ఆ రాత్రి, చెప్పుటకు సిగ్గగుచున్నది, పరీక్షఫలితములకై వేచియున్న పిల్లవానివలె నిద్రపోలేదు.

నల్లగొండ పిల్లవానిని తోడు తీసికొని మొదట ఎల్.బి.నగరులో నొక దుకాణమునకుఁ బోయితిని. ఆ వర్తకుఁడు గోడకు వ్రేలాడుచున్న వానిలోఁ బెద్దదానిని తీసి నా యొడిలోఁ బెట్టెను. అది గిటారు కాదు, గాదె. దాని బొజ్జమీఁదుగాఁ జేయి వేయఁగా కుడిభుజము చెవిదాఁక లేచినది. ఎడమచేయి మెడచివరకుఁ బోవునప్పటికి మోచేయి నిటారైనది. రెండు నిమిషములలోఁ దిమ్మిరి యెక్కినది. "పెద్దదానికే సౌండెక్కువ సార్, అందరూ ఇదే కొంటారు" అని యాతఁడు. ఎక్కువ చప్పుడు నాకేల? నా సేవాకాలమంతయు నెక్కువ చప్పుడు చేసియే యీ స్థితికి వచ్చితిని గదా!

ఆ పెద్ద గిటారు పేరు డ్రెడ్‌నాట్. ఆంగ్లేయులు 1906లో సముద్రమునఁ దించిన యుద్ధనౌక పేరది. భయమెఱుఁగనిది యని యర్థము. అమెరికాలోని మార్టిన్ కార్ఖానావారు 1916లో బోస్టను నగరపు డిట్సన్ వర్తకులకొఱకు పెద్దబొజ్జ గిటారు చేసి దానికా నావపేరు పెట్టిరి. మార్టినులకు మూలపురుషుఁడు జర్మనీదేశమున సాక్సనీ ప్రాంతపువాఁడు. గిటారు చేయు నధికారము వడ్రంగులకు లేదు, ఫిడేలు చేయువారిదే యని అక్కడి కులవృత్తి సంఘములు తగవులాడుకొనఁగా, విసిగి, 1833లో అమెరికాకు వలసపోయెను. ఆయన నాఁడు చేసినవన్నియుఁ జిన్న గిటారులే. ఇండ్లలో పదిమంది కూర్చుండి మాటలాడుకొను గదిలో మ్రోగించుటకుఁ దగినవి గావున అట్టివానికి పార్లర్ గిటారులను పేరు వచ్చినది. మనము చావడి గిటారనవచ్చును. మైకులు లేని దినములలో మేళములలోఁ దక్కిన వాద్యముల హోరును మించుటకు గిటారు బొజ్జ పెంచవలసివచ్చెను. ఇప్పుడు మైకున్నది. దాని ముందు నేనీ జీరగొంతుతో మెల్లగా మాటలాడుచున్నను ఆదిలాబాదులో నున్న నా పాతశిష్యునకు వినఁబడును. ఇంక నా బొజ్జ యేల?

ఎల్.బి.నగరులో మెట్రో యెక్కి విక్టోరియా మెమోరియలు, చైతన్యపురి దాఁటి దిల్‌సుఖ్‌నగరులో దిగితిమి. ప్రధానమార్గమునుండి చీలిన సందులో, ఒక మేడమీఁది చిన్న దుకాణము. పిల్లవాఁడు గోడమూలకుఁ బోయి, పెద్దవాని వెనుక నున్నదానిని చూపి, "సారూ, గిది జూడుండ్రి" అనెను. దుకాణదారుఁడు, "అది ఆడవాళ్లు, చిన్నపిల్లలు తీసుకుంటారండి" అని యించుక సంకోచించెను. నేను చేయి చాఁచితిని.

ఒడిలోఁ బెట్టుకొనఁగానే తెలిసినది. మనుమరాలు వచ్చి తనంతఁ దానే తొడమీఁదఁ గూర్చుండినట్లు అది కూర్చున్నది. భుజము లేవలేదు. మెడయు బొజ్జయుఁ గలియుచోటు పండ్రెండవ మెట్టుకడనే యుండుటచేత ఎడమచేయి చాఁచవలసిన దూరము తగ్గినది. దుకాణదారుని టేపుతోఁ గొలిపించితిని: బొజ్జ మిక్కిలి వెడల్పైనచోట 13 అంగుళములు. పైపలక లేఁత పసుపువన్నె స్ప్రూసు కఱ్ఱ, దానిమీఁద వెండ్రుకవంటి నిలువుగీఁతలు, సమదూరముగా. అవి చెట్టు గడపిన సంవత్సరములు. లెక్కింపఁబూనితిని, నలువది దాఁటఁగానే తప్పిపోయితిని. రంధ్రము దగ్గఱ ముక్కు పెట్టి వాసన చూచితిని. క్రొత్త పలకబలపముల పెట్టె తెఱచినప్పటి వాసనకు, చెక్కిన పెన్సిలు వాసనకు నడుమ నుండు నొక వాసన. పాఠశాల తెఱచిన మొదటిదినమునకుఁ గల వాసన యది.

పిమ్మట అయిదవ తీఁగె మీటితిని. వీణ నాదము మనకు చెవిద్వారమున వచ్చును. ఈ చిన్నగిటారు వీఁపు మన ఱొమ్మునకు ఆనియుండును గావున, నాదము చెవికంటె ముందు ఎముకకు తెలియును. మెల్లగా మీటినను సరిపోయెను. పైపలక పలుచన, వైశాల్యము తక్కువ. కొంచెపు తాఁకిడికే కదలును. గిటారు ప్రాణమంతయు నా పైపలకలోనే యున్నదని స్పెయినుదేశపు శిల్పి ఆంటోనియో దె తోర్రెస్ (1817–1892) గట్టిగా నమ్మెను. అది ఋజువు చేయుటకు ఆయన 1862లో ప్రక్కలను వీఁపును కాగితపుగుజ్జుతోఁ జేసి, పైన మాత్రము మంచి కఱ్ఱ వేసి, ఒక గిటారు నిర్మించెను! నాకాతఁడు వెంటనే యాప్తుఁడైనాఁడు. శిష్యులకుఁ జెప్పిన దానిని చేసిచూపు నుపాధ్యాయుని జాతి యది.

వెల సంగతి. ఇచ్చిన వెల యొకటి, ఇంటిలో నేను చెప్పిన వెల యొకటి. మా యింటామె యీ సమయమున రేడియోముందే కూర్చుండియుండును గావున ఆ ప్రస్తావన యింతటితో విడిచెదను.

భాషాప్రవీణుఁడై అమరము వల్లించినవాఁడు గిటారు మోయుటయేమని మీలోఁ గొందఱు ముఖము చిట్లించుచుందురు. గీతమునకు తార గావున గిటారని యొక మిత్రుఁడు నాకొఱకు వ్యుత్పత్తి కల్పించి యిచ్చెను. అట్టి చుట్టఱికములు నాకు వలదు. ఆ మాట గ్రీకుల కిథారా; అరబ్బుల నోట స్పెయిను చేరి గితార్రా యైనది. పరాయిదే. ఫిడేలు మాత్రము మనదా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముఁడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) దానిని మన సంగీతమునకుఁ దెచ్చిరి. ద్వారం వెంకటస్వామినాయుఁడుగారు (1893–1964) విజయనగరమునఁ గూర్చుండి దానిచేతఁ దెలుఁగు పలికించిరి. పాలకొల్లులో 1969లో జన్మించిన శ్రీనివాసు చేతిలో మాండలిన్ ఏమైనదో మీ రెఱుఁగుదురు. నేను పుట్టిపెరిగిన పద్యనాటకపు హార్మోనియమును ఆకాశవాణివారే 1940లో వెలివేసి 1971లో తిరిగి రానిచ్చిరి. ఆకాశవాణి నుండియే యీ మాట చెప్పనిచ్చినందులకు వారికిఁ గృతజ్ఞుఁడను.

సంచి భుజమునఁ దగిలించుకొని నడచి యింటికి వచ్చితిని. దిల్‌సుఖ్‌నగరు నుండి చైతన్యపురికి ఆ సాయంకాలము త్రోవ మిక్కిలి చిన్నదిగా నుండెను. ఒకరిద్దఱు పూర్వవిద్యార్థులు నమస్కరించి సంచివైపుఁ జూచిరి. ఏమిటని యడుగవలెనని నాకుండెను, వారడుగలేదు.

వ్రేళ్ల మాట దాఁచను. ఉక్కుతీఁగెలు కోయును. మొదటి రెండువారములు ఎడమచేతి వ్రేలికొసలు ఎఱ్ఱగాఁ గంది, అన్నములో చారు కలుపుకొనఁ గుడిచేయి యగుట యెంత మేలో తెలిసినది. ఇప్పుడు కాయలు కాచినవి. బలపము పట్టిన వ్రేళ్లకుఁ గాయలు క్రొత్త కాదు. నేను విద్వాంసుఁడను కాను, కాఁబోను. నాలుగైదు రాగముల సంచారము వెదకికొనుచు మెట్లపైఁ దడవుకొందును. గమకము చాలదు, వీణమెట్టుమీఁదవలె తీఁగె ప్రక్కకు లాగుట కిక్కడఁ జోటు తక్కువ. దానికేమి, పద్యమునకు కావలసినది ఆసరా.

కొన్న దినము సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట మా యింటామె వంటయింట చిక్కుడుకాయల యీనెలు తీయుచుండెను. నేను వాకిటిగదిలోఁ గూర్చుండి అయిదవ తీఁగెయు ఆఱవ తీఁగెయు మార్చిమార్చి మీటుచు గజేంద్రమోక్షములోని పద్యమొకటి యెత్తుకొంటిని. ఆఱు శ్రుతిలో, మెల్లగా, వెనుక బల్లవాఁడెవఁడును లేనట్లు. మూఁడవ పాదమునకు వంటయింట చప్పుడు నిలిచినది. నాలుగవ పాదమునకు ఆమె పళ్లెముతో వచ్చి గడపకడఁ గూర్చుండెను. చదువుట ముగిసిన తరువాత, "నిన్నటిది కూడ బాకీ యున్నది" అని మాత్రము చెప్పి మఱల కాయలు తీసికొనెను. మఱియొకటి చదివితిని.

నల్లగొండ పిల్లవాఁడు వేసవిలో గది ఖాళీచేసి యూరికిఁ బోయినాఁడు. పోవుచు శ్రుతి చూచుకొను చిన్న యంత్రమొకటి నా గిటారు తలకుఁ దగిలించి పోయినాఁడు. అది నా కక్కఱలేదని చెప్పనొల్లక యుంచుకొంటిని.

అయిదవ తీఁగెమీఁద నాలుగవ మెట్టుకడ వ్రేలుంచి మీటినచో వినఁబడునది ఒకటిన్నర శ్రుతి; నా ముప్పదియవ యేఁటి షడ్జమము. ఆ గొంతునకు ఈ గొంతునకు నడుమ దూరము సరిగా నాలుగు మెట్లు, నా చేతి నాలుగు వ్రేళ్ల వెడల్పు. ప్రతిదినము పద్యమునకు ముందు నాలుగవ మెట్టుమీఁద నొక్కసారి మీటుదును. అది మ్రోగుచుండఁగానే వ్రేలు తీసివేసి, క్రింది షడ్జమము వినిపింపఁగాఁ జదువుట మొదలుపెట్టుదును.