అడవిలో నేర్చే చదువు
(సంఘ వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఫీజుల సంగతి కార్యదర్శిగారు చెప్పారు గనుక నేను దాని జోలికి పోను. మన పిల్లలు అడవికి పోయి నేర్చుకోదగిన చదువొకటి ఉన్నది. నవ్వకండి.

2020-21లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికతో మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్పు, అనగా బయట పనిచేస్తూ నేర్చుకోవడం, తప్పనిసరి అయింది. ఉద్దేశం మంచిదే. కాని జువాలజీ చదివే పిల్ల కూడా తెలిసినవారి కంప్యూటరు సెంటరులో సంతకం పెట్టించి కాగితం తెచ్చుకుంటున్నది. ఎవరినో ఎందుకు అనాలి, మా ఇంట్లోనే జరిగింది. నా కూతురికి అడవిలో నెలరోజుల సర్వేకి పోయే అవకాశం వచ్చింది. ఎక్కడ పడుకుంటావు, తోడెవరు, నలుగురూ ఏమనుకుంటారు అని నేనే అడ్డం పడ్డాను. ఒక్క ఫోను చేసి కనుక్కుంటే తెలిసేది. కనుక్కోలేదు. చివరకు దానికీ ఒక కాగితం తెచ్చిపెట్టాను. అది బీరువాలో ఉంది. ఆ పిల్ల నన్ను ఒక్క మాటా అనలేదు.

చట్టప్రకారం జాతీయవనాలన్నవి మనకు కొంచెం దూరం. తిరుపతి దగ్గర శ్రీ వేంకటేశ్వర, గోదావరి ఒడ్డున పాపికొండలు. దగ్గరున్నది నల్లమల. మాచర్ల దాటి పోతే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఆవలి భాగం అమ్రాబాద్ పేర తెలంగాణలో ఉన్నది.

అక్కడ పిల్లలు చేసే పనేమిటంటే, ముఖ్యంగా లెక్క. పులి చారలు మన వేలిముద్రల వంటివి, ఏ రెండింటికీ కలవవు. పైగా కుడిపక్క చారలు వేరు, ఎడమపక్క వేరు. అందుకని దారికి అటొకటి ఇటొకటి, మోకాలెత్తున, రెండు కెమెరాలు కడతారు. నడిచిపోయిన పులి రెండు పక్కలా ఫొటో పడుతుంది. అలా వచ్చిన వేల ఫొటోల్లో ఆవులు, మనుషులు, ఊగిన కొమ్మలు పక్కన పెట్టి పులిని పులితో పోల్చాలి. ఓపిక కావాలి. తెల్లవారుజామున రెండు కిలోమీటర్లు నిశ్శబ్దంగా నడిచి, కనిపించిన దుప్పినీ కణుజునూ ఎంత దూరంలో, ఏ కోణంలో చూశారో రాసుకోవాలి. పులి పెంటలో దొరికిన వెంట్రుకను సూక్ష్మదర్శినిలో పెడితే అది ఏ జంతువును తిన్నదో తెలుస్తుంది. చీదరించుకునేవారికి యీ పని కాదు! దారి చూపేది చెంచు కాపలాదారులు. పుస్తకంలో లేనిది వారి దగ్గర నేర్చుకోవచ్చు.

ఇది మనవాళ్ళ పని కాదనేవారికి సలీం అలీగారి పేరు చాలు. విశ్వవిద్యాలయ డిగ్రీ లేదని ఉద్యోగం రాలేదు. బెర్లిన్ వెళ్ళి పని నేర్చుకొని 1930లో తిరిగివస్తే ఉన్న ఉద్యోగమూ లేదు. సముద్రపు ఒడ్డున కిహీం అనే పల్లెలో కూర్చుని గిజిగాడి గూళ్ళు చూశారు. మగపక్షి సగం అల్లుతుంది, ఆడపక్షి వచ్చి చూసి నచ్చితేనే ఒప్పుకుంటుంది, అది పూర్తి చేసి మగది ఇంకో గూడు మొదలుపెడుతుంది. మన బావుల మీద రోజూ కనబడేదే. మనమెవరమూ అంతసేపు కూర్చోలేదు.

ఆడపిల్లల మాట అడుగుతారు. జమాల్ ఆరా అని 1923లో బీహారులో పుట్టిన ఆమె చదివింది పదో తరగతే. ఛోటానాగపూరు అడవుల్లో తిరిగి పక్షుల మీద శాస్త్రవ్యాసాలు రాసింది. 1970లో నేషనల్ బుక్ ట్రస్టు ఆమె పుస్తకం వేసింది.

సంఘంవారికి నా మనవి ఒకటే. ఫీజులతోపాటు యీ యేడు ఇద్దరు పిల్లలకు, అందులో ఒకరు ఆడపిల్ల, బూట్లు, బస్సు ఛార్జీలు, నెల భోజనం ఖర్చు ఇవ్వండి. ఇటువంటి పనుల్లో తరచు జీతముండదు, అందుకే పేదపిల్లలు పోలేరు. అడవిలోకి అటవీశాఖ అనుమతి లేనిదే పోరాదు. కాలేజీ ద్వారా ముందుగా దరఖాస్తు పెట్టాలి. ఆడపిల్లను పంపేముందు తల్లిదండ్రులు వెళ్ళి బస చూసి రావాలి. తోడు నేనూ వస్తాను. అంతదూరం వద్దంటే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు ఉన్నది. అక్కడ కొంగలను, గూడబాతులను లెక్కపెట్టడంతో మొదలుపెట్టవచ్చు.

దరఖాస్తు రాయించుకోదలచినవారు ఆదివారం జొహర్ నమాజు తర్వాత రండి. సంఘం గదిలోనే ఉంటాను.