రహీం సాబ్: ఇండియాకు రెండు గోల్డ్ మెడల్స్ తెచ్చిన హైదరాబాద్ మాస్టారు



రాత్రి పదకొండు గంటలకు గచ్చిబౌలిలోనో కొండాపూర్‌లోనో ఏదైనా టర్ఫ్ దగ్గరకు వెళ్లి చూడండి. ఆఫీస్ షిఫ్ట్ అయిపోయిన కుర్రాళ్లు లైట్ల కింద ఫుట్‌బాల్ ఆడుతుంటారు. ఒకడి వీపు మీద మెస్సీ పేరు, ఇంకొకడి వీపు మీద నెయ్‌మార్ పేరు. 2022లో అర్జెంటీనాకు వరల్డ్ కప్ తెచ్చిన కోచ్ ఎవరు అని అడగండి, స్కలోనీ అని టక్కున చెప్తారు. 2002లో బ్రెజిల్‌కు తెచ్చింది? స్కొలారీ. మరి ఇండియాకు రెండుసార్లు ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన కోచ్ ఎవరు?

కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒకడు "అజయ్ దేవగణ్" అంటాడు. తప్పు వాడిది కాదు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా మనలో చాలామందికి ఆ పేరే తెలీదు.

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లంతా రహీం సాబ్ అనేవాళ్లు. ఆయనది ఏ కోల్‌కతానో గోవానో కాదు, మన హైదరాబాదే. ట్రాఫిక్ లేకపోతే ఆ టర్ఫ్ నుంచి గంటలోపు వెళ్లిపోయే ఫతే మైదాన్, అంటే ఇప్పటి ఎల్బీ స్టేడియం చుట్టుపక్కల పెరిగిన ఫుట్‌బాల్ ఆయనది.

రహీం 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. ఉద్యోగం ఏంటంటే స్కూల్ టీచర్. కాచిగూడ, చాదర్‌ఘాట్ వైపు బళ్లలో పాఠాలు చెప్పారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కోచ్‌గా ఆయన చేసిన పనులన్నీ ఒక మంచి మాస్టారు చేసే పనులే.

ఒక ఉదాహరణ చెప్తాను. 1940ల్లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పనులు చూసేటప్పుడు కొన్ని వింత టోర్నమెంట్లు పెట్టారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు. బాల్ వచ్చిందా, వెంటనే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో మీకు అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలు ఆటగాడు ఎడమ కాలితో కొట్టాలి. వినడానికి సరదాగా ఉంటుంది గానీ, రెండు సీజన్లు ఇలా ఆడిన కుర్రాడికి రెండు కాళ్లూ పనిచేస్తాయి, తల పైకెత్తి ఆడటం వస్తుంది. లెక్చర్ ఇవ్వకుండా ఆటతోనే పాఠం చెప్పడం అంటే ఇదే.

రిజల్ట్ ఎలా ఉందంటే, ఆయన కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. తర్వాత 1956-57, 1957-58 సీజన్లలో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ కూడా ఎత్తుకొచ్చింది. ఆ రోజుల్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కోల్‌కతా, దాని పక్కనే మన పేరు.

ఇండియా కోచ్‌గా మొదటి పెద్ద గెలుపు 1951లో. ఢిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్, ఫైనల్లో ఇరాన్ మీద 1-0. గోల్డ్.

మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. అవును, పది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. అప్పటిదాకా మన అలవాటే అది. ఆ చలిలో, తడి గ్రౌండ్ మీద అది నడవలేదు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు.

ఇక్కడే రహీం గొప్పతనం కనిపిస్తుంది. ఆయన ఓటమిని కూడా సిలబస్‌లో కలిపేసుకున్నారు. అప్పట్లో మన టీమ్స్ వెనకాల ఇద్దరు డిఫెండర్లతో ఆడేవి. ఆయన దాన్ని మూడుకు మార్చారు, తర్వాత 4-2-4 వైపు తీసుకెళ్లారు. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. 1958లో విసెంటే ఫియోలా కోచింగ్‌లో, పదిహేడేళ్ల పీలేతో బ్రెజిల్ వరల్డ్ కప్ గెలిచింది ఈ పద్ధతితోనే. దాని కంటే ముందే ఇక్కడ రహీం ఆ దారిలో ఉన్నారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. ఫియోలా పేరు ప్రపంచానికి తెలుసు. మన మాస్టారి పేరు మన వీధికే తెలీదు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మొదటి రౌండ్‌లో హంగరీ రాలేదు, వాకోవర్ దొరికింది. అది అదృష్టమే, ఒప్పుకుందాం. కానీ తర్వాత ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా టీమ్ మనదే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. ముందు గోల్ కొట్టింది మనమే, చివరికి 4-1తో ఓడాం. ఆఖరికి నాలుగో స్థానం.

ఆ టీమ్‌లో మన హైదరాబాద్ వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఇరవై ఏళ్ల తులసీదాస్ బలరామ్ ఒకరు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు, పేద ఇల్లు. రహీం అతని ఆట చూసి సెలక్షన్‌కు రమ్మన్నారు. రావడానికి డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బులు ఇచ్చారని బలరామ్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఆ సైకిల్ అద్దె ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద 2-1తో ఓడాం, ఆ ఒక్క గోల్ బలరామ్‌ది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పెరూ మీద 3-1తో ఓడాం, అందులోనూ మన గోల్ బలరామ్‌దే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. గ్రూప్ దాటలేదు గానీ, పది గోల్స్ తిన్న టీమ్ ఎనిమిదేళ్లలో ఇక్కడికొచ్చింది.

ఇక 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. అప్పటికే రహీంకు క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మీద 2-0తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను దాటుకుని ఫైనల్‌కు వచ్చాం. ఎదురుగా మళ్లీ కొరియానే.

బయట పరిస్థితి బాలేదు. ఆ గేమ్స్‌కు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వకపోవడాన్ని మన అధికారి జి.డి. సోంధి తప్పుపట్టారు. దాంతో ఇండోనేషియా జనానికి మన మీద మండిపోయింది. స్టేడియం నిండా అరుపులు, మనకు వ్యతిరేకంగా. మనకోసం చప్పట్లు కొట్టినవాళ్లలో పాకిస్తాన్ హాకీ టీమ్ ఉందంటే నమ్ముతారా? నిజమే.

టీమ్ పరిస్థితీ అంతే. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, ఆయనా మన హైదరాబాదే, జ్వరం నుంచి అప్పుడే లేచారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. పాత చోట ఆడించడం కష్టం. వేరే కోచ్ అయితే బెంచ్ మీద కూర్చోబెట్టేవాడు. రహీం అతన్ని ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్ ముందు రాత్రి ఆయన ఆటగాళ్లను గోల్డ్ మెడల్ తనకు కానుకగా ఇవ్వమని అడిగారని వాళ్లు తర్వాత చెప్పారు.

సెప్టెంబర్ 4. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్. మూడు నిమిషాలకే రెండో గోల్. కొట్టింది ఎవరనుకున్నారు? కుట్లు వేసిన తలతో ఆడుతున్న జర్నైల్ సింగ్. 2-1తో గెలిచాం.

తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం చనిపోయారు. ఆ తర్వాత 1970 బ్యాంకాక్‌లో మనకు బ్రాంజ్ వచ్చింది, కెప్టెన్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీనే. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో గోల్డ్ మాత్రం మళ్లీ రాలేదు.

"అయ్యో పాపం, మర్చిపోయాం" అని నిట్టూర్చడానికి ఈ కథ చెప్పట్లేదు. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎందుకు పోయిందని అడిగితే అందరూ క్రికెట్ అంటారు. కొంత నిజమే. నాకు తోచింది ఇంకోటి ఉంది. మన దగ్గర అంతా ఒక మాస్టారి మీద ఆగింది. మాస్టారు పోయాక బడి నడిపే ఏర్పాటు మనం చేసుకోలేదు.

ఈ మధ్యే మళ్లీ చూశాం. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, సొంత గ్రౌండ్ గచ్చిబౌలి బాలయోగి స్టేడియం. 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ కప్ గెలిచింది. ఆ తర్వాత డబ్బు కష్టాలు. 2025లో క్లబ్బే ఢిల్లీకి వెళ్లిపోయింది. కప్ వచ్చింది, బడి నిలబడలేదు.

టర్ఫ్‌లు మంచివే, నేనేం కాదనను. కానీ గంటకు ఇంత అని కడితేనే గేటు తెరుస్తారు. ఆ నెట్ బయట నిలబడి చూసే పిల్లాడు ఒకడుంటాడు. వాచ్‌మన్ కొడుకో, పక్కన కట్టే టవర్‌లో పనిచేసే మేస్త్రీ కొడుకో. బాల్ బయటికొస్తే పరిగెత్తుకెళ్లి తెచ్చిస్తాడు. చెప్పులు లేని కాలితో తిరిగి కొడతాడు, అది సరిగ్గా మీ కాళ్ల దగ్గరకే వస్తుంది. మీరు "థ్యాంక్స్ రా" అని మళ్లీ ఆటలో పడిపోతారు.

బలరామ్ కూడా అలాంటి కుర్రాడే. ఒక మాస్టారు ఆగి చూశారు కాబట్టి ఒలింపిక్స్‌కు వెళ్లాడు.

ఈసారి టర్ఫ్ బుక్ చేసుకున్నప్పుడు మీలో ఒకరు తక్కువైతే, ఆ పిల్లాడిని లోపలికి పిలవండి. ఒక పది నిమిషాలు ఆడనివ్వండి. రహీం సాబ్ పని మొదలయ్యేది అక్కడే.

మళ్లీ కలుద్దాం. ఉంటాను.