పురుడు పోయు చేతికి పై చదువు

(మన సంఘ మహిళాసభలో చదువబడిన ప్రసంగము)



మన పెద్దలు మగ్గముతోను, నాగలితోను, త్రాసుతోను ఈ రాష్ట్రములకు వచ్చి స్థిరపడినవారు. వారి మునిమనుమరాండ్రు నేడు నర్సింగు చదివి ఆసుపత్రులలో పని చేయుచున్నారు. సంతోషింపదగిన మార్పే. అయితే పిల్ల చేతికి బి.ఎస్సీ. నర్సింగు పట్టా వచ్చిన మరునాడే ఇంటిలో రెండు ప్రశ్నలు బయలుదేరును. పెండ్లి ఎప్పుడు? విదేశమునకు ఎప్పుడు? "ఇంకను చదివెదవా, తల్లీ?" యని యడిగిన పెద్దలు మాకు మిక్కిలి అరుదుగా తారసపడిరి. ఆ మూడవ ప్రశ్నను గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

నర్సులకును మిడ్‌వైఫులకును ఏర్పడిన పై చదువులలో ప్రపంచారోగ్యమను శాఖ యొకటి కలదు. గ్లోబల్ హెల్త్ అని దాని ఇంగ్లీషు పేరు. ఆ పేరు చెవిని పడగానే మనవారికి విమానాశ్రయము జ్ఞప్తికి వచ్చును. పేరు చేసిన మోసమది. ఆ శాఖ యెట్టిదో తెలిసికొనుటకు లండను పోనక్కరలేదు. కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెలకు పోయిన చాలును.

కాన్పు అయిన పిమ్మట రక్తము ఆగకపోవుట ప్రపంచమందు తల్లుల మరణకారణములలో మొదటిది. దానిని నివారించు ఆక్సిటోసిన్ మందును సూదితో ఇయ్యవలెను, చల్లని చోట నిలువ చేయవలెను. కరెంటు నిలువని పల్లెలో ఈ రెండును కష్టమే. మిసోప్రోస్టాల్ అను మాత్రకు సూది యక్కరలేదు, చల్లని పెట్టె యక్కరలేదు. మరి అది పని చేయునా? 2002 మొదలు 2005 వరకు బెళగావి జిల్లాలో, ఇండ్లలోను ఉపకేంద్రములలోను ప్రసవించిన 1,620 మంది తల్లుల విషయమున ఈ ప్రశ్నను పరీక్షించి చూచిరి. సగము మందికి ఆ మాత్ర, తక్కినవారికి చూపునకు అట్లేయుండు ఉత్త మాత్ర. ఇచ్చినవారు వైద్యులు కారు, పల్లెలలో తిరుగు ఎ.ఎన్.ఎం.లు. ఉత్త మాత్ర పుచ్చుకొన్నవారిలో నూటికి 12 మందికి అధిక రక్తస్రావము కాగా, మందు పుచ్చుకొన్నవారిలో అది 6.4కు దిగెను. 2006లో ఈ ఫలితము లాన్సెట్ పత్రికలో వెలువడినది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పనికై ఆ మాత్రను అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది.

ఇంకొక సంగతి. పోయిన రక్తమును కంటితో చూచి "ఇంత" యని చెప్పుట ఆసుపత్రులలో చిరకాలపు టలవాటు. అదే బెళగావిలో, తల్లి క్రింద పరచు ప్లాస్టిక్ గుడ్డకు కొలతగీతలు గల సంచిని జోడించి కొలిచిరి. కంటి అంచనా ఆ కొలతకంటె మూడవవంతు తక్కువగా తేలినది! మన అమ్మమ్మల నాటి మంత్రసానులు తడిసిన గుడ్డలను ఎంచెడివారని పెద్దలు చెప్పగా వింటిమి. అదియు ఒక కొలతయే. దానిని చూచి నవ్వనక్కరలేదు.

ఈ కొలతసంచి తరువాత సముద్రము దాటినది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశములలోని 80 ఆసుపత్రులలో, రెండు లక్షలకు పైబడిన కాన్పులలో జరిగిన పరిశోధన 2023లో వెలువడెను. కొన్ని ఆసుపత్రులలో రక్తమును సంచితో కొలిచి, హద్దు మీరిన వెంటనే గర్భసంచిని మర్దించుట, మందులిచ్చుట, సెలైను పెట్టుట, రక్తము ఎక్కడినుండి వచ్చుచున్నదో పరీక్షించుట మొదలగు పనులన్నియు ఒక్కుమ్మడిగా చేసిరి. తక్కిన ఆసుపత్రులలో పాత పద్ధతియే సాగెను. పాత పద్ధతిలో అధిక రక్తస్రావము నూటికి 51 మందిలో మాత్రమే పసిగట్టబడగా, క్రొత్త పద్ధతిలో 93 మందిలో పసిగట్టబడెను. తీవ్రమైన రక్తస్రావము, దానివలన కడుపు కోయవలసి వచ్చుట, మరణము, వీనిలో ఏదైన నొకటి సంభవించిన తల్లులు నూటికి 4.3 నుండి 1.6కు తగ్గిరి. మందులు క్రొత్తవి కావు. కొలత, వేళ, క్రమము, ఇవియే క్రొత్తవి.

ఇందు మనము గమనింపవలసినది వేరొకటి యున్నది. బెళగావిలో మాత్ర చేతికిచ్చినది ఎ.ఎన్.ఎం. రక్తము కొలిచినది ఎ.ఎన్.ఎం. కాని యే ప్రశ్న వేయవలెనో నిర్ణయించుట, ఎందరిని ఎన్నుకొనవలెనో లెక్క కట్టుట, ఫలితమును లోకము నమ్మునట్లు వ్రాయుట, ఇవి పై చదువు చదివినవారి పనులు. మంచము ప్రక్కన రాత్రియంతయు నిలిచిన నర్సునకు వైద్యునికంటె ముందుగా తెలిసిన సంగతులు ఎన్నియో యుండును. తాను చూచినదానిని రుజువుగా మార్చు విద్య లేనందున అవి యామెతోనే పదవీవిరమణ చేయును. ఫ్లారెన్స్ నైటింగేల్ భారతదేశమున అడుగు పెట్టలేదు. అయినను సైనిక శిబిరముల నుండి లెక్కలు తెప్పించుకొని, మురుగుకాలువలను గూర్చి, మంచినీటిని గూర్చి పాలకులను దశాబ్దముల పాటు నిలదీసినది. దీపము పట్టిన చేయి యని అందరును ఎరుగుదురు. అంకెలు వ్రాసిన చేయి కూడ అదియే.

ఇక ఈ చదువు ఎక్కడ? మన దేశములో ఎం.ఎస్సీ. నర్సింగు రెండు సంవత్సరములు. సామాజికారోగ్యము, ప్రసూతి, శిశుసంరక్షణ, మానసికారోగ్యము మొదలగు శాఖలు కలవు. ప్రపంచారోగ్యమునకు దగ్గరి త్రోవ మొదటి రెండును. నర్సింగు ముగించినవారికి మిడ్‌వైఫరీలో 18 నెలల ప్రత్యేక శిక్షణ వేరొకటి. తెలంగాణ ప్రభుత్వము 2017లో, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో, దీనిని కరీంనగరములో ఆరంభించినది. 2018లో కేంద్రప్రభుత్వము దేశమంతటికిని మార్గదర్శకములు వెలువరించెను. అవసరమును ఆ రాష్ట్రపు అంకెలే చెప్పును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషనులుగా తేలినవి. ఓర్పుతో ప్రక్కన కూర్చుండి సహజముగా పురుడు పోయు నేర్పు గలవారు తరిగిపోయిన ఫలమిది కొంత. తక్కిన కారణములు చెప్పబోయిన ప్రసంగము వేరు దారి పట్టును.

మెచ్చుకోలు మాటలే చెప్పి మిమ్ము మోసపుచ్చజాలము. ఎం.ఎస్సీ. చదివిన మన పిల్లలు కొందరు తిరిగి అదే వార్డులో, అదే జీతమునకు నిలుచుచున్నారు. మరికొందరు బోధనకు పోయి రోగికి దూరమగుచున్నారు. పరిశోధనవ్యాసమును ఇతరులచే వ్రాయించుకొని పట్టా పొందువారును లేకపోలేదు; అట్టి పట్టాకు పెట్టు రుసుముతో ఇంటికి పైకప్పు వేయించుకొనుట మేలు.

అయినను ఈ చదువు మనకు ఇతరులకంటె ఎక్కువ యవసరమని మా యభిప్రాయము. 2018–20 లెక్కల ప్రకారము లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు ఆంధ్రప్రదేశములో 45, తెలంగాణలో 43. మనవారు నివసించు రాష్ట్రములలో మహారాష్ట్రమున 33, తమిళనాట 54, కర్ణాటకమున 69, ఒడిశాలో 119. ఈ యంకెలలో తెలుగు తల్లులు ఎందరో ఏ పట్టికయు విడదీసి చూపదు. మన కుటుంబములలోని కోడలొకతె పరజిల్లాలోని యొక పెద్ద ఆసుపత్రిలో కాన్పయి, "మాయ పడలేదు, కండ్లు చీకట్లు కమ్ముచున్నవి" యని పలుమారు మొరపెట్టుకొన్నది. ఆ రాత్రి డ్యూటీలోనున్న వారికి ఆ మాట బోధపడలేదు. ఊడ్చుటకు వచ్చిన యొక తెలుగు ముదుసలి విని చెప్పువరకు ఎవరును కదలలేదు. ఆమె బ్రదికినది. అట్టివారు ఎందరు బ్రదుకలేదో లెక్కించవలెనన్న, ఆ లెక్క ఎట్లు కట్టవలెనో చదివినది, తెలుగును ఇచ్చటి భాషను రెండును వచ్చినది యొకతె కావలెను. అట్టిది మన యిండ్లలో తప్ప వేరెక్కడ దొరకును?

క్రిందటి సభానంతరమున ఒక తండ్రి మమ్ము ప్రక్కకు పిలిచి, "చదువు ముగియునప్పటికి పిల్లకు వయస్సు ఎంత యగును?" అని యడిగెను. 22 ఏండ్లకు బి.ఎస్సీ. ముగిసినదనుకొందము. సామాన్యముగా ఒక సంవత్సరము పనిచేసిన యనుభవము కోరుదురు. పిదప రెండేండ్లు. మొత్తము 25. ఆయన కొంతసేపు ఊరకుండి, "మా అబ్బాయి ఇంజనీరింగు తరువాత పై చదువు ముగించునప్పటికి 26 ఏండ్లు" అనెను. మేము మారుమాట చెప్పలేదు. దరఖాస్తు కాగితము ఎచ్చట దొరకునని ఆయనయే యడిగెను.