చిత్రదర్శన విద్య

(నారాయణరావుపేటయందు జరిగిన మన పద్మశాలి కులసంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఇట్టి సభలలో విద్య యనగానే వసతిగృహములు, విద్యార్థివేతనములు, ఉద్యోగములు జ్ఞప్తికి వచ్చును. అవన్నియు అవసరములే. మేము మాత్రము నేడొక చిన్న విద్యను గూర్చి విన్నవింప దలచితిమి. అది చిత్రమును చూచు విద్య. వ్రాయు విద్య కాదు. అమెరికాదేశపు కళాశాలలనేకములందు గణితము చదువువానికిని, వాణిజ్యము చదువువానికిని గూడ దీనిని ప్రారంభ పాఠ్యక్రమముగా నేర్పుచున్నారు. ఇందు చేరుటకు బొమ్మ గీయ వచ్చియుండ నక్కఱలేదు. రేఖ యెట్లు నడచినది, రంగులు ఒకదానితో నొకటి యెట్లు పొసగినవి, ఏది పెద్దదిగా నున్నది, ఏది మూలకు పోయినది, ఏ వస్తువుతో చేయబడినది, ఎవరికొఱకు చేయబడినది అని అడుగ నేర్చుటయే యిందలి పాఠము.

కన్నులున్న ప్రతివాడును చూచుచునే యున్నాడు గదా, దానికి వేఱుగ చదువేల యని కొందఱనవచ్చును. చెవులున్న ప్రతివాడును వినుచున్నాడు. కాని రాగమెఱిగి వినువాడు వేఱు. మగ్గము నెఱిగిన మనకు ఈ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు. అంగడిలో చీర కొనువారు రంగు చూతురు. మన యింటి ముసలమ్మ ఆ చీరనే తిరుగవేసి, వెనుకవైపున పేక యెట్లు నడచినదో చూచి, అంచును వ్రేళ్ళనడుమ నలిపి, ఇది చేమగ్గపుదో మరమగ్గపుదో చెప్పును. ఆమె కన్ను చదువుకొన్న కన్ను. ఆ చదువును చీరనుండి చిత్రమునకును, శిల్పమునకును విస్తరింపజేయుటయే మేము చెప్పు పాఠ్యక్రమము.

ఈ విద్య పరదేశపుదని యెవ్వరును అనుకొనరాదు. విష్ణుధర్మోత్తర పురాణమున తృతీయఖండమందు చిత్రసూత్రమను భాగము గలదు. అందు ప్రశ్నించువాడు వజ్రుడను రాజు. ఉపదేశించువాడు మన కులమునకు మూలపురుషుడని మనము పూజించు మార్కండేయ మహర్షి. ప్రతిమలు చేయు విధమును రాజు అడుగగా, చిత్రము నెఱుగనివానికి ప్రతిమ తెలియదనియు, నృత్యము నెఱుగనివానికి చిత్రము తెలియదనియు, వాద్యము నెఱుగనివానికి నృత్యము తెలియదనియు, గీతము నెఱుగనివానికి వాద్యము తెలియదనియు మహర్షి బోధించెను. ఒకే చిత్రమును చూచి ఆచార్యులు రేఖను మెత్తురనియు, విచక్షణులు ఛాయలను మెత్తురనియు, స్త్రీలు ఆభరణములను, తక్కినవారు రంగుల సమృద్ధిని మెత్తురనియు ఆ గ్రంథమందే యున్నది. స్త్రీలు ఆభరణములనే చూతురను మాటను నేడు మన మంగీకరింప నక్కఱలేదు. మన యిండ్లలో రంగులను, వరుసలను నిర్ణయించు కన్నులు పెక్కు స్త్రీలవే. కాని చూచువాని శిక్షణనుబట్టి చిత్రము తన్ను తాను చూపుకొనునను మూలభావము నేటికిని చెల్లును. కామసూత్రములకు వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని చిత్రమునకు 6 అంగములను లెక్కించెను. ఈ ఆఱింటిని విద్యార్థిచేత నొక్కొక్క చిత్రమునందు వెదకించినచో పాఠ్యక్రమములో సగము పూర్తియైనట్లే.

తెలుగుదేశమున ఇట్టి యత్నము పూర్వమే జరిగియున్నది. 20వ శతాబ్ది తొలి దశాబ్దులలో రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే యను ఆంగ్లేయుడు అధ్యక్షుడుగా నుండెను. ఆయన కొలువు చిత్రలేఖన బోధకుని కొలువు గాదు. అయినను విద్యార్థులను చేరదీసి, వారికి చిత్రములను చూపి, అజంతా గుహలకు సయితము తీసికొనిపోయెను. ఆ శిష్యులలో దామెర్ల రామారావు గొప్ప చిత్రకారుడై, 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించి, 28 ఏండ్లు నిండకమునుపే 1925లో స్వర్గస్థుడయ్యెను. అడివి బాపిరాజు చిత్రకారుడును, కవియును, నవలాకారుడును అయ్యెను. ఒక్క అధ్యాపకుడు కొందఱు పిల్లలకు చూచుట నేర్పిన ఫలమిది.

ఇక మన జిల్లాకు వత్తము. మన పిల్లలకు ఈ విద్యను నేర్పుటకు అజంతాతోనే ఆరంభింప నక్కఱలేదు. 2016లో సిద్దిపేట జిల్లా యేర్పడినప్పుడు వరంగల్లు జిల్లానుండి మన జిల్లాలోనికి వచ్చిన చేర్యాలలో నకాశీ చిత్రకారులున్నారు. కూనపులివారు మన వాడలకు వచ్చి మార్కండేయ పురాణమును, భావనాఋషి కథను చెప్పునప్పుడు వ్రేలాడదీయు పటము అట్టి నకాశీల చేతిపనియే. వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు 40 అడుగులు దాటుటయు కలదు. చేనేతగుడ్డకు బియ్యపు గంజి, తెల్లసుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎండనిచ్చి, నునుపు చేసి, ఉడుత వెండ్రుకల కుంచెతో వ్రాయుదురు. పూర్వము దీపపు మసినుండి నలుపును, శంఖచూర్ణమునుండి తెలుపును, ఇంగిలీకమునుండి ఎఱుపును తీసెడివారు. నేడు అంగడిరంగులను వాడువారును కలరు.

ఈ పటమును తరగతిలో నెట్లు చదివింపవలెను? ఎడ్మండ్ ఫెల్డ్‌మన్ అను అమెరికా అధ్యాపకుడు 4 మెట్లను చెప్పెను. మొదటిది, కంటికి కనబడినదానినే చెప్పుట: ఎఱ్ఱని నేల, ప్రక్కకు తిరిగిన ముఖములు, పెద్ద కన్నులు, కథను గడులుగా విభజించు పూలపట్టెలు. రెండవది, కూర్పును విడదీసి చూచుట: దూరపువస్తువు చిన్నదిగా, దగ్గఱివస్తువు పెద్దదిగా లేదు; కథలో గొప్పవాడే పెద్దవాడు. కన్ను పైనుండి క్రిందికి దిగును, పటము విప్పినకొలది కాలము నడచును. మూడవది, అర్థము చెప్పుట: తామరతూటి నారతో దేవతలకు వస్త్రములు నేసినవానిని, సూర్యపుత్రికయైన భద్రావతిని పెండ్లాడినవానిని నడుమ నిలిపి చిత్రకారు డేమి చెప్పుచున్నాడు? నాలుగవది, గుణనిర్ణయము: ఈ పని మంచిదా, ఎందుచేత? మన పిల్లలు నేడు ఫోనునందు దినమునకు వందల చిత్రములను చూచి, మొదటి మూడు మెట్లను దాటవేసి, బాగున్నది, బాగులేదు అను నాలుగవ మెట్టునకే దూకుచున్నారు. ఈ పాఠ్యక్రమము వారిని మొదటి మెట్టుకడ కొంతసేపు నిలుపును.

ఇచ్చట మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట యొకటి కలదు. నకాశీలు మనకొక్కరికే పటములు వ్రాయలేదు. గౌడసోదరులకు గౌడపురాణము, రజకసోదరులకు మడేలు పురాణము, మాదిగసోదరులకు డక్కలివారు చెప్పు జాంబవపురాణము, ముదిరాజుసోదరులకు కాకిపడగలవారు చెప్పు పాండవుల కథ, వీనికన్నింటికిని పటములు కలవు. ఈ పటములను కళాశాలలో నొక్క గోడమీద ప్రక్కప్రక్కన వ్రేలాడదీసినచో విద్యార్థికి ఏమి కనబడును? అదే ఎఱ్ఱని నేల, అదే చింతగింజల జిగురు, అవే కన్నులు, మారినది నడుమ నిలిచినవాడు మాత్రమే. మన పటమున భావనాఋషి, మఱియొకదాన కంఠమహేశ్వరుడు, ఇంకొకదాన మడేలు మాచయ్య, వేఱొకదాన ఆదిజాంబవుడు. ఎవరికొఱకు పటము వ్రాయబడినదో వారి పూర్వుడే నడుమకు వచ్చి నిలుచును. చిత్రదర్శనములో ఇంతకు మించిన పాఠము లేదు. రాజుల చిత్రములనైనను, దేవాలయపు గోడలనైనను, ఎన్నికల గోడపత్రికలనైనను ముందు నిలిచి, నడుమ నెవరున్నారు, ఎవరి ఖర్చుతో నున్నారు, అంచునకు నెట్టబడిన దెవ్వరు, స్త్రీమూర్తికి ఎంత చోటిచ్చిరి అని అడుగ నేర్చినవాడే చూచినవాడు.

ఈ మాట కులసభలో చెప్పదగునా యని సంశయించితిమి. ఇచ్చట చెప్పనిచో మఱెచ్చట చెప్పుదుము? మన పటమును మనము గౌరవింపవలెను. కాని దానిని మాత్రమే చూచినవాడు దానిని గూడ సగమే చూచినవాడు. ప్రక్కవాడ పటము ప్రక్కన నిలిపినప్పుడే మన పటమునందలి విశేషము తెలియును. తన పూర్వులు నడుమ నిలువవలెనను కోరిక ప్రక్కవానికిని కలదనియు, ఆ కోరికను ఒకే చిత్రకారుని కుంచె అందఱికిని సమముగ తీర్చినదనియు తెలిసిన పిల్లవాడు అహంకారముతో గాక ఆదరముతో తన కులమును తలచుకొనును. వాడవాడలకు వేఱువేఱుగ విప్పబడు పటములను ఒక్కచోట చేర్చుటకు కళాశాల తరగతిగదికంటె తగిన స్థలము లేదు.

రెండవ పాఠము మన మగ్గముమీదనే యున్నది. సిద్దిపేట గొల్లభామ చీర భౌగోళిక సూచిక గుర్తింపు పొందినది. తలపై కుండ నెత్తుకొన్న గొల్లభామను అదనపు పేకతో నేయుదురు. కుంచె పట్టిన నకాశీ వంపును ఒక్క వ్రేటున తిప్పగలడు. నేతగానికి ఆ వంపు పోగుల లెక్కతో, మెట్టుమెట్టుగా రావలెను. అందుచేతనే గొల్లభామ నడుము కోణములుగా నుండును. అది లోపము కాదు, పడుగుపేకల ధర్మము. వస్తువునుబట్టి రూపము మారునను ఈ సూత్రమును తెలిసికొన్నవాడు, ఆ బొమ్మనే గుడ్డమీద అచ్చొత్తి చౌకగా అమ్మినప్పుడు రెంటికిని గల భేదమును మాటలలో చెప్పగలడు. చెప్పగలిగినవాడే వెల అడుగగలడు. అనంతపురము దాటి లేపాక్షి వీరభద్రాలయమున విజయనగరకాలపు కుడ్యచిత్రములను చూచినచో, ఆనాటి వస్త్రముల అంచులు, గడులు, పూవులు కప్పుమీద నేటికిని నిలిచియున్నవి. చిత్రకారుడు నేతగానికి సాక్ష్యము పలికిన చోటది.

మూడవ పాఠము సిద్దిపేట పట్టణమునదే. కాపు రాజయ్యగారు (1925-2012) బోనములను, బతుకమ్మను, పల్లెలోని శ్రమజీవులను చిత్రించి దేశమున పేరుగాంచిరి. నకాశీల గట్టిరేఖను, నిండురంగును ఆయన తన చిత్రములలోనికి తెచ్చుకొనిరి. పాతపటమును చూడ నేర్చిన కన్ను క్రొత్తచిత్రమును వ్రాయగలదనుటకు ఆయనయే నిదర్శనము.

ఇంతకును ఈ చదువువలన ఉద్యోగము వచ్చునా యని తలిదండ్రులడుగుదురు. ఒక్క పాఠ్యక్రమమువలన ఉద్యోగము వచ్చునని మేము చెప్పజాలము. కాని దానిని నేర్పనందువలన కలుగు నష్టమును చెప్పగలము. పటకథలు చెప్పించువారు తగ్గినందున చిత్రకారులు చిన్న చట్రములలో నిముడు చిత్రములను, ముఖములను, తాళపుచెవులకు తగిలించు బొమ్మలను చేసి జీవనము సాగించుచున్నారు. వారిని తప్పుపట్టరాదు, కుటుంబము గడువవలెను గదా. అయినను 40 అడుగుల కథ ఒక్క అడుగు చట్రములో నిమిడినప్పుడు బొమ్మ మిగులును, కథ పోవును. పూర్వము శిథిలమైన పటమును నదిలో నిమజ్జనము చేసి, దాని స్థానమున క్రొత్తదానిని వ్రాయించెడివారు. నేడు క్రొత్తది వ్రాయించువారు అరుదు గనుక పోయినది పోయినట్లే. చూడవచ్చినవారు లేనిచో వ్రాయించువారుండరు. వ్రాయించువారు లేనిచో వ్రాయువారుండరు. చూచుట నేర్పుటయనగా ఈ గొలుసులో మొదటి లంకెను నిలుపుట.

కావున పోషకమహాశయులకు మేము చేయు విన్నపములు మూడు. మొదటిది, జిల్లాలోని డిగ్రీ కళాశాలలయందు ఏ విభాగపు విద్యార్థియైనను చేరదగినట్లు ఒక్క సెమిస్టరు చిత్రదర్శన పాఠ్యక్రమమును నెలకొల్పుమని సంఘపక్షమున అధికారులను కోరవలెను. ఇతర కులసంఘములను గూడ ఈ కోర్కెలో కలుపుకొనవలెను. రెండవది, అందు బోధించుటకు చేర్యాల చిత్రకారులను, కూనపులివారిని, మన మగ్గముల పెద్దలను పిలిపించి, తగిన వేతనమిచ్చి గౌరవింపవలెను. వారిని వేడుక చూపువారిగా గాక అధ్యాపకులుగా కూర్చుండబెట్టవలెను. మూడవది, గ్రామములందు మిగిలియున్న పటములకు, యజమానుల అనుమతితో, ఛాయాచిత్రములు తీయించి, పటము విప్పునప్పుడు చెప్పు కథను గూడ వారి గొంతుకతోనే రికార్డు చేయించి కళాశాలకు అప్పగింపవలెను. ఏడాదికొకసారి విద్యార్థులను చేర్యాలకును, రామప్పగుడికిని, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సు ప్రదర్శనశాలలో నున్న అజంతా ప్రతుల కడకును తీసికొనిపోవు ఖర్చు ఒక పెండ్లిపందిరి ఖర్చునకు మించదు.

బాలికలు ఈ తరగతిలో వెనుకబల్లలమీద కూర్చుండరాదని గూడ మనవి. కండెచుట్టి, రంగులెంచి, అంచు కుదిర్చిన తల్లుల బిడ్డలు వారు.

మన పూర్వులు గుడ్డ నేసిరి. నకాశీలు దానిపై బొమ్మ వ్రాసిరి. కూనపులివారు దానికి మాట యిచ్చిరి. దానిని చూచు కన్నును సిద్ధపఱచు భారము మన తరమునకు మిగిలినది. ఆ భారమును ఈ మహాసభ తలకెత్తుకొనునని నమ్ముచున్నాము.