పిల్లల మోకాలి దెబ్బలు

విద్యానిధిని గూర్చియు వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము చిన్నదిగా దోపవచ్చును. కాని ఆ వసతిగృహమునకు బాలురు నడచివచ్చునది కాళ్లతోనే గదా!

ఎదుగు బిడ్డ యెముక కొసకు సమీపమున మృదులాస్థితో నేర్పడిన పలుచని పొర యుండును. ఎముక పొడవు పెరుగునది యచ్చటనే. తొడయెముక పెరుగుదలలో నూటికి 70 పాళ్లు మోకాటి పైనున్న పొరయే యిచ్చును. ఏటికది సుమారు 9 మిల్లీమీటర్లు. బాలికలకు 14 ఏండ్లకును, బాలురకు 16 ఏండ్లకును ఇంచుమించుగా ఈ పని ముగియును. కీలును బిగించియుంచు కట్లకంటె ఈ పొర దుర్బలము. కావున పెద్దవానికి బెణుకగు దెబ్బ పిల్లవానికి విరుపు కావచ్చును. ఇంటివారు బెణికినదని పట్టువేసి యూరకుందురు.

పందొమ్మిదవ శతాబ్దమున పాశ్చాత్యదేశములలో గుఱ్ఱపుబండ్ల వెనుక నెక్కబోయిన బాలుర కాళ్లు చక్రపుటాకుల నడుమ జిక్కి తొడయెముక కొస యూడివచ్చుచుండెను. దానికి ‘బండిచక్రపు దెబ్బ’ యనియే పేరు పడినది. పత్తికొండ, ఆలూరు, జమ్మలమడుగు ప్రాంతముల పిల్లలకు బండి వెనుక వ్రేలాడుట యెవరును నేర్పనక్కఱలేదు. ఇపుడు ట్రాక్టరును మోటారుసైకిలును వచ్చినవి, దెబ్బ యదియే.

1963లో టొరంటో వైద్యులగు సాల్టర్, హ్యారిస్ గారలు ఈ విరుపులను ఐదు తెగలుగా విభజించిరి. మొదటి తెగయందు ఎముక స్థానము తప్పకున్నచో ఎక్సురేలో నేమియు గానరాకపోవచ్చును, ఏలన మృదులాస్థి ఆ చిత్రమున బడదు. పొర నలిగిపోవు ఐదవ తెగ, నెలలు గడచి కాలు పొట్టియైనపుడుగాని తెలియదు. కీలుకు పైనో క్రిందనో యెముకను నొక్కినపుడు బిడ్డ యోర్వలేకున్నను, కాలు మోపలేకున్నను విరిగినదనియే యెంచి వైద్యునికి జూపవలెను.

మన సీమలో ఎముక విరిగెననగానే పుత్తూరు కట్టు జ్ఞప్తికి వచ్చును. ఆ పసరును, గ్రుడ్డుసొనను, వెదురుబద్దలను మేము హేళన చేయము. కాని మోకాటికడ స్థానము తప్పిన కొసను మత్తునిచ్చి సరిచేసి, సన్నని కడ్డీలతోనో మరలతోనో నిలుపవలసియుండును. పది దినములు జాగుచేసి బలముగా లాగినచో పొరకు మఱింత హాని. మోకాటి వెనుక పెద్ద రక్తనాళము కలదు. పాదము చల్లబడి పాలిపోయినచో కొన్ని గంటలలోనే కాలు పోవచ్చును. అపుడు ఏ కట్టునకును వ్యవధి లేదు.

మంచి చికిత్స జరిగినను, తొడయెముక క్రిందికొస విరిగిన పిల్లలలో దాదాపు సగముమందికి పెరుగుదల కుంటుపడునని వైద్యుల లెక్క. పదేండ్ల బాలునికి ఆ పొర పూర్తిగా మూసికొన్నచో పదునాఱవయేటికి రెండంగుళముల కొఱత! కొంతభాగమే మూసికొన్న కాలు వంకరపోవును. ముందుగా గనిపెట్టినచో శస్త్రచికిత్సచే సవరింపవచ్చును. అందువలన నొప్పి తీఱిన పిదపకూడ కనీసము రెండేండ్లు, కొలది నెలలకొకసారి చూపింపవలెను.

చిక్కంతయు నిచ్చటనే. కర్నూలులో 1957 నుండియు, కడపలో 2006 నుండియు ప్రభుత్వ వైద్యకళాశాలలు గలవు. కాని నడచుచున్న బిడ్డను మరల దీసికొనిపోవుటకు ఒకనాటి కూలియు బస్సుఖర్చును పోగొట్టుకొన నే తల్లి సాహసించును? కావున సంఘనిధినుండి ఈ రాకపోకలకై కొంత ప్రత్యేకింపవలెనని సభవారి యెదుట ప్రతిపాదించుచున్నాము. చందాపుస్తకము కార్యదర్శిగారికడ నున్నది.