దరఖాస్తులో ఆ ఒక్క గడి



ఈ సభలోని పట్టభద్రుల్లో కొందరు లండన్ న్యాయ సంస్థల దరఖాస్తులు ఇప్పటికే తెరిచి, ఒక గడి దగ్గర ఆగిపోయి ఉంటారు. సొలిసిటర్ అర్హత ఏ మార్గంలో సంపాదిస్తారని అడిగే గడి అది. తోచక గడువు దాటబెట్టేవాళ్లు కొందరు. ఏదో ఒకటి నొక్కేసి, ఇంటర్వ్యూలో నీళ్లు నమిలేవాళ్లు ఇంకొందరు.

తప్పు వాళ్లది కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 సెప్టెంబరు నుంచి ఎస్‌క్యూఈ (సొలిసిటర్స్ క్వాలిఫైయింగ్ ఎగ్జామినేషన్) అనే ఉమ్మడి పరీక్ష వచ్చింది. అంతకుముందే అక్కడ న్యాయ డిగ్రీలో చేరినవారికి పాత ఎల్‌పీసీ (లీగల్ ప్రాక్టీస్ కోర్సు) దారి 2032 చివరిదాకా ఉంది. ఇవాళ్టి పట్టభద్రుల్లో చాలామందికి ఎల్‌పీసీ ఊసే అక్కర్లేదు. ఎస్‌క్యూఈ ఎప్పుడు రాయాలి, ఎవరి డబ్బుతో రాయాలి అన్నదే వాళ్ల చిక్కు.

ఆ డబ్బు చిన్నదేమీ కాదు. మొదటి భాగంలో 360 బహుళైచ్ఛిక ప్రశ్నలు, రెండో భాగంలో రాత, మౌఖిక పరీక్షలు. రెంటికీ కలిపి ఫీజే నాలుగు వేల పౌండ్లకు పైన. కోచింగ్ ఖర్చు వేరు. అయితే పెద్ద సంస్థలు చాలావరకు తాము ఎంచుకున్న ట్రైనీలకు ఈ ఖర్చు తామే పెట్టుకుంటాయి, కోర్సు ఎక్కడ చదవాలో కూడా తామే చెబుతాయి. లింక్‌లేటర్స్, స్లాటర్ అండ్ మే వంటివి కలిసి బీపీపీ అనే విద్యాసంస్థలో తమ వారికోసం కోర్సే పెట్టించుకున్నాయి. అలాంటి చోట దారి తేల్చేది అభ్యర్థి కాదు, సంస్థ. అప్పుచేసి ముందే కోర్సులో చేరిన అభ్యర్థికి ఒరిగేది తక్కువ.

పరీక్షతో పాటు రెండేళ్ల పని అనుభవమూ కావాలి. దాన్ని గరిష్ఠంగా నాలుగు చోట్ల కూడబెట్టుకోవచ్చు. పారాలీగల్ ఉద్యోగమూ లెక్కే, కాలేజీ లీగల్ క్లినిక్కూ లెక్కే. కాకపోతే సాధారణంగా ఇంగ్లండ్, వేల్స్ సొలిసిటర్ ఎవరైనా దాన్ని ధ్రువీకరించాలి. అందుకే చేసిన పని, తేదీలు, పర్యవేక్షించినవారి పేరు ఏ వారానికావారం రాసిపెట్టుకున్నవాడే తెలివైనవాడు. ఇక్కడ భారత్‌లో బార్ కౌన్సిల్‌లో నమోదై అడ్వకేట్ అయినవారికి ఈ రెండేళ్ల షరతు లేదు. విమానం ఎక్కేముందు నమోదు కావాలా వద్దా అని ఊగిసలాడేవారు చూసుకోవాల్సిన లెక్క ఇదే.

మరి గడిలో ఏం రాయాలి? ఉన్నది ఉన్నట్టు. ‘ఎస్‌క్యూఈ ఇంకా మొదలుపెట్టలేదు, సంస్థ సూచించే కోర్సులో చేరడానికి సిద్ధం, లీగల్ క్లినిక్‌లో ఆరు నెలల అనుభవం ఉంది’ అన్నంత సూటిగా. ఆ మాటతో దరఖాస్తు పోదు. సొలిసిటరా, బారిస్టరా అన్నదే తేలకపోతే మాత్రం ముప్పు, ఎందుకంటే ‘ఈ వృత్తే ఎందుకు’ అన్న ప్రశ్నకు ఏ సంస్థలోనైనా అభ్యర్థి దగ్గర జవాబు ఉండి తీరాలి.

కోర్సు ఫీజు కట్టేముందు మీరు దరఖాస్తు చేసే సంస్థ నియామక విభాగానికి ఒక్క మెయిల్ పెట్టి, వాళ్ల పద్ధతేమిటో అడగండి.